హొగ్లా ముడి

నేను ఒక కుండని. కుండే కదా అని తేలిగ్గా తీసిపారెయ్యకండి. నడుం దాకా నేలలో పాతిపెట్టిన కుండని. మీరెరిగిన కుండలు బావికి వెళ్తాయి, చంకనెక్కుతాయి, తలకెక్కుతాయి, అప్పుడప్పుడూ దారిలో జారిపడి హాయిగా చచ్చిపోతాయి. నాకు ఆ భాగ్యాలేవీ లేవు. ఒకే గది, ఒకే మూల, ఎదురుగా ఒకే గోడ. ఆ గోడకి ఎన్ని పగుళ్లున్నాయో ఇప్పుడడిగినా చెప్తాను. కళ్లెక్కడివి నీకు అంటారేమో. నోరుంది కదా, ఇంత నోరు! దాంతోనే చూశాను, దాంతోనే విన్నాను. మూత కట్టేసినప్పుడు మాత్రం చూడ్డం, వినడం అన్నీ ఒంటితోనే.

మాది యూదా కొండల్లో బేత్‌హసీరు అనే చిన్న ఊరు. అక్కడి కుమ్మరి ఎర్రమట్టిలో సున్నపురాయి పొడి కలిపి, కాళ్లతో తొక్కి, ఒకే ముద్దలోంచి ఇద్దర్ని తీశాడు. నన్నూ, నా కవలనీ. ఆవంలోంచి బయటికి తీసి ఇంకా ఒళ్లు చల్లారకముందే బెరెక్యా అనే కొత్త పెళ్లికొడుకు వచ్చాడు. వేలి కణుపుతో మమ్మల్ని కొట్టి చూసి, చెవి దగ్గర పెట్టుకుని, "రెండూ ఇయ్యి" అన్నాడు. ఆ మనిషి ఏ పని చేసినా అంతే. ముందు కొట్టి చూసేవాడు, ఆ తర్వాతే నమ్మేవాడు.

ఇంటికి తెచ్చాక నా కవల నిండా ద్రాక్షారసం పోశారు. నాకేమో నీళ్లు. నీళ్లు చల్లగా ఉండాలంటే కుండ నేలలో ఉండాలని బెరెక్యా స్వయంగా గొయ్యి తవ్వి, నన్ను నడుం దాకా దింపి, చుట్టూ మట్టి కూరి, కాలితో తొక్కాడు. కొత్త పెళ్లికూతురు హొగ్లా గుమ్మంలో నిలబడి నవ్వింది. నాకైతే ఏడుపొచ్చింది. నా పైభాగం నుంచి చెమట పడుతుంటే అందరూ అదేదో నా గొప్పతనం అనుకునేవాళ్లు.

అక్కడ కూచుని మనుషులు తాగేవన్నీ చూశాను. పొద్దున్నే మేకపాలు. మిగిలిన పాలని తోలుతిత్తిలో పోసి, దూలానికి వేలాడదీసి, హొగ్లా అటూ ఇటూ ఊపితే మజ్జిగ. కోతల రోజుల్లో పులిసిపోయిన ద్రాక్షారసం, అదే చిరక. దాంట్లో నీళ్లు కలిపి, రొట్టె ముంచుకుని కూలీలు తాగేవాళ్లు. పండగలకి నా కవల కడుపులోది. దానిమ్మలు పండితే పిల్లలకి ఆ రసం. ఒకసారి ఎవరో వర్తకుడు ఖర్జూరపు మద్యం తెస్తే బెరెక్యా వాసన చూసి, మొహం అవతలికి తిప్పుకున్నాడు. ఏది తాగినా, ఎంత తాగినా, చివరికి మూతి తుడుచుకుని నా దగ్గరికే వచ్చేవాళ్లు. అయినా పొగడ్త మాత్రం నా కవలకే. "అబ్బ, ఏం రుచి!" అనేవాళ్లు. నీళ్లు తాగి అబ్బ అన్నవాణ్ణి ఒక్కణ్ణి నేను చూడలేదు.

ఇక నీళ్లు మోసే తిత్తి పొగరు చెప్పక్కర్లేదు. గాడిదెక్కి దూరపు బావులకి వెళ్లొచ్చేది. బతికున్నన్నాళ్లూ మేకగా ఈ కొండ దాటనిది, చచ్చి తిత్తయ్యాక లోకమంతా తిరిగింది! వచ్చి నా పక్కనే వేలాడుతూ ఊగుతుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

పెళ్లయిన మూడో ఏట నా కవల పోయింది. అది ఎలా పోయిందో చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు.

ఒకనాడు చుట్టాలొచ్చారు. హొగ్లా వాళ్లకి ద్రాక్షారసం ముంచి ఇచ్చి, మాటల్లో పడి, మూత కట్టడం మర్చిపోయింది. చుట్టాలు వెళ్లాక చూస్తే లోపల బల్లి చచ్చి తేలుతోంది. వాళ్ల ధర్మం ప్రకారం అలాంటిది పడితే లోపలిది పారబొయ్యాలి, మట్టిపాత్ర అయితే పగలగొట్టాలి. మట్టి అన్నీ పీల్చేసుకుంటుంది కనక కడిగినా పోదని వాళ్ల నమ్మకం.

"పారబోద్దాం. కుండని మూడుసార్లు కడుగుతాను. ఎవరు చూశారు?" అంది హొగ్లా, గొంతు తగ్గించి.

"నేను చూశాను కదా," అన్నాడు బెరెక్యా.

ద్రాక్షారసమంటే ఆయనకి ప్రాణం. అయినా కుండని వాకిట్లోకి ఈడ్చుకెళ్లి, రోకలిబండతో ఒక్క దెబ్బ వేశాడు. ఊరంతా ఆ చప్పుడు విని వచ్చి చూసింది. ఆయన కళ్లనిండా నీళ్లున్నాయి. నాకు మాత్రం ఆ కన్నీళ్లు కనబడలేదు, ఆ రోకలిబండే కనబడింది. ఆ రోజు నుంచి బెరెక్యా గదిలోకి వస్తే నాకు భయం పట్టుకునేది.

హొగ్లాకి మరో రకం భయం పట్టుకుంది. ఆ రోజు నుంచి నా మూతని తనే కట్టేది. ఇంకెవర్నీ కట్టనిచ్చేది కాదు. మేకవెంట్రుకల తాడు, నా మెడకి రెండు చుట్లు, కొసని లోపలి నుంచి తీసి ఎడమవైపు చిన్న నాలుకలాగా దోపేది. ఊళ్లో ఆడవాళ్లు నీళ్లకొచ్చి ఆ ముడిని చూసి, "ఇది హొగ్లా ముడి" అనేవాళ్లు. తాడు రాసుకుని రాసుకుని నా మెడ చుట్టూ గాడి పడింది.

అలా ముప్పై ఏళ్లు. లేకలేక ఒక కొడుకు పుట్టాడు, యాకీను. వాడు పెద్దవాడయ్యాడు, తిర్సా అనే పిల్లని చేసుకున్నాడు, వాళ్లకి నోయా అనే ఆడపిల్ల పుట్టింది. బెరెక్యా గడ్డం తెల్లబడింది. నా ఎదుటి గోడకి ఇంకో నాలుగు పగుళ్లొచ్చాయి. నా విషయంలో మాత్రం ఏ మార్పూ లేదు.

ఆ ఏడాది వానలు సరిగా పడలేదు. దానికితోడు పెరట్లో రాతిలో తొలిచిన వాననీటి గొయ్యికి సున్నపు పూత బీటలిచ్చి, ఉన్న కాసిని నీళ్లూ కొండ తాగేసింది. ఊరి కింది ఊట బొట్లుబొట్లుగా కారుతోంది. యాకీను తిత్తులన్నీ గాడిదమీద వేసుకుని దూరపు బావికి బయల్దేరాడు. పోను రెండు రోజులు, రాను రెండు రోజులు. ఇంట్లో మిగిలిన నీళ్లన్నీ నా కడుపులో ఉన్నవే, రెండు జానల ఎత్తు.

వాడు అటు వెళ్లాడో లేదో ఇటు బెరెక్యాకి జ్వరం పట్టుకుంది.

ఒళ్లు పెనంలా కాలిపోతుంటే ఆయన చాపని నా పక్కకి జరిపించుకున్నాడు. వీపు నాకు ఆనించి, ఒక చెయ్యి నా భుజంమీద వేసి పడుకునేవాడు. నేను చెమటలు పోస్తూ ఆయన్ని చల్లబరిచేదాన్ని. ముప్పై ఏళ్లు ఎవరికి భయపడ్డానో ఆ మనిషే ఇప్పుడు నన్ను పట్టుకుని పడుకున్నాడు.

మూడో రోజుకి ఊపిరి మారింది. హొగ్లా చూసింది. చప్పుడు చెయ్యకుండా లేచి, ఇంట్లో తెరిచున్న గిన్నెలన్నీ బోర్లించి, నా మూత బిగించి కట్టింది. అదీ వాళ్ల ధర్మమే. ఇంట్లో మనిషి పోయిన క్షణాన మూత కట్టకుండా ఏ పాత్ర ఉన్నా అది అపవిత్రం. నీళ్లయితే పారబొయ్యాలి, కుండయితే పగలగొట్టాలి. కట్టి ఉంటే మాత్రం దోషం లేదు. ఆయన కోసం విడిగా ఒక చిన్న గిన్నెడు నీళ్లు తీసి తలవైపు పెట్టింది. సాయంత్రం దాటడనుకుంది. కానీ ఆ మనిషి ప్రాణం కూడా ఆయనలాగే మొండిది. మర్నాడు మధ్యాహ్నానికి కూడా పోలేదు. గిన్నెలో నీళ్లు మాత్రం అయిపోయాయి.

పొరుగింటి మిల్కా గోడమీంచి, "ఆ కుండని తవ్వి మా ఇంట్లో పెట్టుకోరాదూ? ఏ బాధా ఉండదు" అంది.

"ఆయన చెయ్యి దానిమీద ఉంది మిల్కా," అంది హొగ్లా. "ఎలా లాక్కోను?"

పొద్దున ఒకసారి నా మూత విప్పింది. ఒక కన్ను మొగుడి గుండెలమీద పెట్టి, ఒక్క ఊపున ముంచి, అర చెంబు తిర్సాకిచ్చి, మళ్లీ కట్టేసింది. తిర్సాకి పాలు తగ్గిపోయాయి. నోయా ఏడుపు కూడా పొడిగా వస్తోంది. యాకీను వచ్చేదాకా ఆ తల్లీబిడ్డలు బతకాలంటే నా దగ్గరున్న నీళ్లే ఆధారం. అవి పారబొయ్యాల్సి వస్తే ఆ పసిదానికి సాయంత్రం దాటడం కష్టమని ఇంట్లో అందరికీ తెలుసు, పైకి అనలేదంతే.

"నేను తప్ప ఎవరూ ముట్టుకోవద్దు," అని చెప్పి, మిట్టమధ్యాహ్నం ఎండలో హొగ్లా మిద్దె ఎక్కింది, దారిలో గాడిద కనబడుతుందేమో చూడ్డానికి.

గదిలో ముసలాయనా, కోడలూ, నిద్రపోతున్న పిల్లా, నేనూ మిగిలాం.

"అమ్మాయీ," అన్నాడు బెరెక్యా. "నీళ్లు."

"అత్తయ్య వచ్చేస్తుంది మామయ్యా. మీ అబ్బాయి వస్తున్నాడేమో చూడ్డానికి పైకెళ్లింది. కాస్త ఓర్చుకోండి."

ఆ పిల్ల గూట్లోంచి చిరక పాత్ర తీసి, అడుగున మిగిలిన మడ్డిలో ఉన్నిముక్క ముంచి పెదాలకి రాసింది. ఆయన మొహం చిట్లించాడు. "ఇది కాదు తల్లీ. నీళ్లు."

ఆయన వేళ్లు నా మెడమీద పాకి, తాడుని తడిమాయి.

"కట్టే ఉందా?"

"కట్టే ఉంది మామయ్యా."

"అయితే విప్పకు," అన్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఆ పూట ఆయన నాకు పూర్తిగా పాత బెరెక్యాలాగే కనిపించాడు. అమ్మయ్య అనుకున్నాను.

కాసేపటికి మళ్లీ కళ్లు తెరిచాడు. ఇందాక ఏమన్నాడో ఆయనకి గుర్తులేదు. "ఒక్క గుక్క తల్లీ," అన్నాడు. "ఒకే ఒక్క గుక్క." ఆ గొంతులో పెద్దరికమేమీ మిగల్లేదు. పసిపిల్లాడి గొంతులా ఉంది.

తిర్సా నోయా వైపు చూసింది. ఆయన వైపు చూసింది. మిద్దె మెట్ల వైపు చూసింది. విప్పకు, విప్పకు అని నేను లోపల్లోపల మొత్తుకున్నాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, పిల్ల కోసం కాదు, నా కోసమే. నా కళ్లముందు రోకలిబండే ఉంది.

ఆ పిల్ల ముడి విప్పేసింది.

ముంత ముంచి, ఆయన తల ఎత్తి పట్టింది. మొదటి గుక్క గొంతులో దిగడం నాకు ఆయన వీపులోంచి వినబడింది. రెండోదీ దిగింది. మూడోది దిగలేదు, పెదాల పక్కనుంచి గడ్డంమీదికి జారిపోయింది.

"చల్లగా ఉంది," అన్నాడు బెరెక్యా.

ముప్పై ఏళ్లలో నన్ను మెచ్చుకున్న మొదటి మాట అది. అంత భయంలోనూ నాకు సంతోషం వేసింది, ఏం చెయ్యను.

తిర్సా ఆయన తల చాపమీద ఆనించి, గబగబా మూత పెట్టి తాడందుకుంది. అక్కడే పొరపాటు చేసింది. చేతికొచ్చిన ముడి ఏదైనా వేసి ఉంటే సరిపోయేది, ధర్మానికి మూత కట్టి ఉండటమే ముఖ్యం. కానీ ఆ పిల్లకి అత్తగారి భయం. విప్పినట్టు తెలియకూడదని హొగ్లా ముడే వెయ్యబోయింది. రెండు చుట్లు చుట్టింది. కొస లోపలి నుంచి తియ్యాలా బయటి నుంచా? తీసింది, జారిపోయింది. మళ్లీ చుట్టింది. ఎడమవైపు దోపబోతే మొత్తం ఊడిపోయింది.

ఆ మధ్యలోనే నా భుజంమీది చెయ్యి బరువెక్కింది. నాకు తెలిసిపోయింది. నా మూత ఇంకా కట్టలేదు.

నోయా నిద్రలో రెండుసార్లు మూలిగింది. అంతసేపు పట్టింది, ఎక్కువసేపేం కాదు. చివరికి తిర్సా విసిగిపోయి మేకని గుంజకి కట్టే ముడి వేసేసి, వెనక్కి తిరిగింది. ఆయన్ని చూసింది. పిలిచింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఆ తర్వాత నా వైపు తిరిగి, నన్నే అడిగింది, "ముందు ఏది? ముడా, ఆయనా?"

నాకు తెలుసు. ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. చెప్పే దారి లేదు. నోరు కట్టేసి, నడుం దాకా పాతేసిన దాన్ని, ఎలా చెప్పను?

హొగ్లా మెట్లు దిగొచ్చింది. వెంటనే ఏడవలేదు. మొగుడి మొహం చూసింది, తడిసిన గడ్డం చూసింది, కిందున్న ముంత చూసింది, చివరికి నా మెడ చూసింది.

"అత్తయ్యా, నేను... ఆయన అడిగితే..."

"పిల్లనెత్తుకో," అంది హొగ్లా.

తన ముసుగు కొంగుతో ఆయన గడ్డం తుడిచింది, ఒక్కొక్క పాయే ఆరేదాకా ఓపిగ్గా తుడిచింది. ముంత బోర్లించింది. ముసుగు తలమీంచి పూర్తిగా లాగి నా మెడకి చుట్టేసింది. అప్పుడు కూలబడి, ఊరంతా వినేలా ఏడ్చింది.

ఊరి పెద్ద షల్లూము వచ్చాడు. శవమున్న ఇల్లు కనక లోపలికి రాకుండా గుమ్మం బయటే నిలబడ్డాడు. అడగాల్సింది అడిగాడు.

"నీళ్ల కుండకి మూత?"

"కట్టి ఉంది."

"ఆయన పోయినప్పుడు కట్టే ఉందా అమ్మా?"

తిర్సా నోరు తెరవబోయింది. హొగ్లా వెనక్కి చెయ్యి చాపి కోడలి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"కట్టే ఉంది. నా చేత్తో నేనే కట్టాను. ముడి నాదే."

షల్లూము తలూపాడు. "బెరెక్యా ఇంట్లో ఇది అడగడమే తప్పు. ఒక బల్లి కోసం నిండు కుండ పగలగొట్టిన మనిషి. నా కళ్లతో చూశాను."

చూడండి మనుషుల సంగతి. ఆ మనిషి బతుకంతా పట్టుకు వేలాడిన నిజాయితీ, ఆయన పోయిన గంటలోపే ఒక అబద్ధానికి అండగా నిలబడింది. నేను బతికిపోయాను. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు.

శవమున్న ఇంట్లో మూత విప్పకూడదు కనక నన్ను తవ్వి బయటికి తియ్యాల్సొచ్చింది. ముప్పై ఏళ్ల తర్వాత నా కింది సగానికి గాలి తగిలింది. వాకిట్లో పెట్టారు. పైన ఆకాశం! అంత పెద్దదనుకోలేదు. ఒక్క పగులూ లేదు దానికి.

శవమున్న ఇంట్లో అడుగుపెట్టక మైలపడని మిల్కా వచ్చి, ముసుగూ దాని కింది తాడూ కలిపి ఊడదీసి, మూత తీసి, చెంబు ముంచి తిర్సాకిచ్చింది. తిర్సా చెంబు పట్టుకుని అత్త వైపు చూసింది.

"తాగు," అంది హొగ్లా. "పిల్లకి పాలు కావాలి."

తిర్సా ఏడుస్తూనే తాగింది. సాయంత్రానికి నోయా ఏడుపు తడిగా వినబడింది.

మిల్కా రెండో చెంబు హొగ్లాకి అందించింది. ఆవిడ పెదాలు నెత్తుటి చారలుగా పగిలి ఉన్నాయి. "నాకు దాహం లేదు," అంది. మర్నాడు మధ్యాహ్నం యాకీను గాడిదతో వచ్చేదాకా అలాగే కూచుంది. వచ్చాక తిత్తి నోటికి నోరు పెట్టి తాగింది, తండ్రి సంగతి కొడుక్కి చెప్తూ, మధ్యమధ్య ఆగి తాగుతూ. ఆ తిత్తి ఆ రోజు మాత్రం ఊగలేదు.

ఆ ఇంటి మైల తీరేదాకా ఏడు రోజులు ఆకాశం చూశాను. ఎనిమిదో రోజున నన్ను తెచ్చి అదే గొయ్యిలో దింపి, మట్టి కూరారు. ఎదురుగా మళ్లీ అదే గోడ. హొగ్లా కోడల్ని పిలిచి నా పక్కన కూచోబెట్టుకుంది. నన్ను పగలగొట్టమంటుందేమో అనుకున్నాను. ఆవిడ తాడు తిర్సా చేతికిచ్చింది.

"నువ్వు వేసింది మేకని కట్టే ముడి. కుండకి అలా కాదు. రెండు చుట్లు. కొస లోపలి నుంచి. ఇలా తే. ఆ, ఎడమకి."

అయిదుసార్లు వేయించింది. ఆ రోజు గురించి ఆవిడ అంతకుమించి మాట్లాడలేదు. కానీ ఆ తర్వాత నా నీళ్లు నోట పోసుకోలేదు. ఎవరూ గమనించలేదు, తిర్సా తప్ప. చెప్పకుండానే ఒక చిన్న కొత్త కుండ కొని, రోజూ ఊటనుంచి విడిగా నీళ్లు తెచ్చి అత్త కోసం పెట్టేది. అలా తొమ్మిదేళ్లు. ఒకే గదిలో ఆవిడా నేనూ, రోజూ నా మెడ తడుముతూ, నా నీళ్లు ముట్టకుండా. నిజం తెలిసింది నాకు, శిక్ష వేసుకుంది ఆవిడ.

తొమ్మిదేళ్ల తర్వాత హొగ్లా మంచాన పడింది. అప్పుడు పెరట్లో వాననీటి గొయ్యి నిండా నీళ్లున్నాయి, ఇంట్లో ఎవరికీ ఏ కరువూ లేదు. తిర్సా చిన్న కుండలోంచి నీళ్లు ముంచి తెచ్చింది. హొగ్లా తల అడ్డంగా ఊపింది.

"ఆ రోజు ఆయన ఏమైనా అన్నాడా?"

ఏ రోజని తిర్సా అడగలేదు. "చల్లగా ఉందన్నారు అత్తయ్యా."

హొగ్లా నా వైపు చెయ్యి చూపించింది. "అయితే దాంట్లోది పొయ్యి."

తిర్సా నా ముడి విప్పింది. హొగ్లా మూడు గుక్కలూ తాగింది, మూడోది కూడా. తర్వాత చూపు తిర్సా చేతులమీద పెట్టింది. మూత, రెండు చుట్లు, లోపలి నుంచి కొస, ఎడమకి. ఆ చేతులు ఈసారి ఎక్కడా తడబడలేదు. ముడి బిగిసేదాకా ఆ ముసలావిడ ఊపిరి బిగబట్టి చూసింది. బిగిశాక వదిలేసింది. మళ్లీ తీసుకోలేదు.

ఆ తర్వాత చాలాకాలం నోయా కట్టింది నా మూత, అదే ముడి. తర్వాత ఒకనాడు భూమి కదిలి కప్పు కూలింది. వాళ్లంతా పొలంలో ఉన్నారని మాత్రం నాకు తెలుసు. నేనింక మెడ దాకా, ఆపైన నోటి దాకా, ఆపైన ఎంతో లోతుకి మట్టిలో ఉండిపోయాను. ఎన్ని వందల ఏళ్లో లెక్క తెలియదు. తవ్వినవాళ్లు బ్రష్షులతో నా ఒళ్లు తుడిచి, చీలికలు అతికి, ఇక్కడికి తెచ్చారు.

ఇప్పుడు నేను గాజు పెట్టెలో ఉన్నాను. నా కింది సగాన్ని కూడా అందరూ చూస్తున్నారు, కాస్త ఇబ్బందిగానే ఉంది. నా మెడమీది గాడి కుమ్మరి చెక్కిన అలంకారమని పక్కన చీటీలో రాశారు. చదువుకున్నవాళ్లు, ఏమంటాం. మూత పక్కన విడిగా పెట్టారు. కట్టే తాడు లేదు, కట్టే చెయ్యీ లేదు. జనం వస్తారు, నా ముందు నిలబడి, సంచుల్లోంచి ప్లాస్టిక్ సీసాలు తీసి, ఇక్కడ తాగకూడదని రాసి ఉన్నా దొంగచాటుగా ఒక గుక్క తాగుతారు. తాగి మొహం చిట్లిస్తారు. వెచ్చగా అయిపోయి ఉంటాయి మరి.

ఒక్క చెంబుడు నీళ్లు నాలో పోస్తే చల్లగా చేసి ఇస్తాను. నాకు తెలిసిన పని అదొక్కటే.